మాసాహెబాకు ఒక పేరుంది

(ఉస్మాన్‌గంజ్‌లో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ బజారు ఉస్మాన్‌గంజ్. చివరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు. దగ్గర్లోనే అఫ్జల్‌గంజ్. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు. ఆ పక్కన బేగంబజార్. ఏ బేగం? రెండో నిజాం భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలమది అంటారు. మగవాళ్ల బజార్లకు వాళ్ల పేర్లు దక్కాయి. ఆమె బజారుకు మాత్రం హోదాయే మిగిలింది. పెళ్లి సామానంతా అక్కడే కొనుక్కునే మనం కూడా ఎన్నడూ ఏ బేగం అని అడగలేదు.

ఇదే ఊళ్లో మాసాబ్‌ట్యాంక్ ఉంది. ‘మాసాహెబా’ చెరువు, అంటే అమ్మగారి చెరువు. నోళ్లలో నలిగి మాసాబ్ అయింది. ఆ అమ్మగారు హయాత్ బక్షీ బేగం అని చాలామంది అంటారు. కాదు, ఆమె అత్తగారని కొందరు. ఇద్దరినీ ‘అమ్మ’ అనే మాటే కప్పేసింది. చెరువు కూడా ఇప్పుడు లేదు. హయాత్ బక్షీ గురించే ఈ రోజు మాట్లాడాలనుకుంటున్నాను.

చరిత్ర పుస్తకాల్లో ఆమెను ఒకే వాక్యంలో పరిచయం చేస్తారు: అయిదో కుతుబ్‌షాహీ సుల్తాను కూతురు, ఆరో సుల్తాను భార్య, ఏడో సుల్తాను తల్లి. మర్యాదగానే కనిపించే ఈ వాక్యాన్ని కాస్త తరచి చూద్దాం. 1591లో హైదరాబాదును కట్టించిన మహమ్మద్ కులీకి ఆమె ఒక్కతే సంతానం. 1612లో ఆయన పోయినప్పుడు సింహాసనం ఆమెకు రాలేదు. ఆమె భర్తకు వెళ్లింది. ఆయన మహమ్మద్ కులీ తమ్ముడి కొడుకు. 1626లో భర్త కూడా పోయాడు. అప్పుడు పన్నెండేళ్ల కొడుకు అబ్దుల్లా గద్దెనెక్కాడు. రాజ్యం నడిపింది మాత్రం తల్లి. ఈ తీరు ఆమెతో ఆగిపోలేదు. అబ్దుల్లాకు కొడుకుల్లేరు. 1672లో అతని తర్వాత గద్దెనెక్కింది చిన్నల్లుడు అబుల్ హసన్, రామదాసు కథలో మనకు తెలిసిన తానీషా. అరవయ్యేళ్లలో రెండుసార్లు కూతురి మీదుగా సింహాసనం చేతులు మారింది. ఒక్కసారి కూడా కూతురికి అందలేదు.

భక్తి అనగానే మనం, స్త్రీవాదులం, కొంచెం అనుమానంగా చూస్తాం. కారణాలు లేకపోలేదు. కానీ ఆమె భక్తి ఏం చేసిందో చూడండి. మచిలీపట్నం దారిలో ఆమె పేరు మీద హయాత్‌నగర్ వెలిసింది. అక్కడ మసీదు, దాని చుట్టూ బాటసారులకు సరాయి, పక్కనే ఏనుగులతో నీళ్లు తోడించేంత పెద్ద బావి. ప్రార్థనతో పాటు నీడ, నీళ్లు కూడా అక్కడ దొరికాయి. దర్బారులో కూర్చోనివ్వని స్త్రీకి దానధర్మాల దారి ఒకటి తెరిచి ఉంది. ఆ దారిన ఆమె చాలా దూరం వెళ్లింది. అయితే ఆ రాళ్లు మోసిన స్త్రీల పేర్లు ఏ శాసనంలోనూ దొరకవు. ఆ మాటా మరిచిపోవద్దు.

లంగర్ కథ పాతబస్తీ వాళ్లకు చెప్పక్కర్లేదు. కుర్రవాడు అబ్దుల్లాను ఎక్కించుకున్న ఏనుగు మదమెక్కి అడవిలోకి పారిపోయిందట. తల్లి చెట్లకు అన్నం, నీళ్లు కట్టించిందట. కొడుకు తిరిగొస్తే ఏనుగు గొలుసంత బంగారు గొలుసు హుసేనీ ఆలానికి సమర్పించి, బీదలకు పంచుతానని మొక్కుకుందట. ఇందులో ఎంత నిజమో పక్కన పెడదాం. ఆ మొక్కు పేరు మీద పీర్ల పండగ అయిదో రోజున లంగర్ ఊరేగింపు ఏళ్ల తరబడి సాగింది. నిజాముల కాలానికి అది ఫౌజుల కవాతుగా మారింది. మొదలైంది తల్లి భయంతో. చివరికి గుర్రాలు, తుపాకులు, జెండాలు మిగిలాయి. ఆడవాళ్లు మొదలుపెట్టినవి మగవాళ్ల ఉత్సవాలుగా మారడం మనకు కొత్తేమీ కాదు.

ఇక 1656. దక్కన్ సుబేదారుగా ఉన్న ఔరంగజేబు సైన్యం హైదరాబాదును దోచుకుని గోల్కొండను ముట్టడించింది. సుల్తాను కోటలో ఉండిపోయాడు. నలభై దాటిన కొడుకున్న ఆ తల్లి కోట దాటి శత్రువు డేరాలకు వెళ్లి సంధి మాట్లాడింది. ఆ తెగువకు తలవంచాల్సిందే. ముట్టడి ఆగింది, షాజహాన్ ఆజ్ఞ కూడా అందుకు కారణం. కానీ సంధి షరతులు చదవండి. కోటి రూపాయలు, దాంతో పాటు అబ్దుల్లా కూతురికి ఔరంగజేబు కొడుకుతో పెళ్లి. నాయనమ్మ సాహసంతో ఊరు బతికింది. అందుకు మూల్యం మనవరాలు చెల్లించింది. ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా?

ఈ ప్రశ్న దాచేసి హయాత్ బక్షీని కీర్తిస్తే అది స్త్రీల చరిత్ర అవదు. రాజుల చరిత్రకు చీర కట్టినట్టవుతుంది. ఈ ప్రశ్న ఒక్కటే పట్టుకుని ఆమెను కొట్టిపారేసినా అన్యాయమే. పితృస్వామ్యం లోపల అధికారం దొరికిన స్త్రీ, అది నడిచే దారుల్లోనే నడిచింది. రెండూ నిజం.

1667లో ఆమె కన్నుమూసింది. గోల్కొండ దగ్గర సుల్తానుల సమాధుల నడుమ వాటికి తీసిపోని సమాధి ఆమెది. రాణికి రాయి ఉంది. మన అమ్మమ్మలకు, నాయనమ్మలకు అదీ లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో నడిచిన స్త్రీలను అడిగి, వాళ్ల మాటల్లోనే రాశారు. అడిగితేనే అది దొరికింది.

ఇది జ్ఞాపకాలకే పరిమితమైన విషయం కాదు. హిందూ కుటుంబాల్లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సవరణతో, దేశమంతటా 2005లో వచ్చింది. ముస్లిం కూతుళ్లకు వాటా షరియత్‌లోనే ఉంది, అన్నదమ్ముల వాటాలో సగమైనా. అయినా పసుపు కుంకుమల పేరుతోనో, పుట్టింటి రాకపోకలు తెగిపోతాయనే భయంతోనో సంతకం పెట్టి వదిలేస్తున్న వాళ్లు ఎంతమంది! గోల్కొండ సింహాసనానికి జరిగిందే రెండు గదుల ఇంటికీ జరుగుతోంది. ఆస్తి మన మీదుగా వెళుతోంది, మన దగ్గర ఆగడం లేదు.

అందుకే మీలో బస్తీల్లో పనిచేసే వాళ్లకు ఒక విన్నపం. ఇంటింటి వివరాలు రాసేటప్పుడు ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావాడి తల్లి’ దగ్గర కలం ఆపకండి. ఆ ముసలమ్మ సొంత పేరు అడగండి. పుట్టింటి వాటా ఏమైందో, ఏ కాగితం మీద వేలిముద్ర వేసిందో అడిగి రాయండి. ఆమె పూజల గురించి, నమాజుల గురించి, ఒంటరిగా చేసిన ప్రయాణాల గురించి కూడా చెప్పించండి. వాటా ఇంకా అడగగలిగిన వాళ్లుంటే న్యాయ సలహా దగ్గరికి వెంట తీసుకెళ్లండి.