పెద్దబడిలో మన బిడ్డ ఏ సెక్షన్లో కూర్చుంటాడు?

(చంద్రగిరిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



పరీక్షల కాలం వచ్చిందంటే మన పల్లెల్లో ఒకటే మాట. “ఐవోరా, మావోడికి అయిదో తరగతి అయిపోతాంది. తిరుపతిలో పెద్ద హైస్కూల్లో వేద్దామనుకుంటాండాం. ఆ బడి బాగుంటాదా?” ఈ నెలలోనే ఏడెనిమిది మంది అడిగినారు. బస్టాపు కాడ నిలబడి చెప్పేసే జవాబు కాదు గనక, అందరం ఒకచోట కూర్చుందామన్నాను.

బాగుంటాదా అని అడుగుతున్నాం సరే. ఎవరికి బాగుంటాది? ఒకే గోడ, ఒకే గేటు, ఒకే గంట ఉన్న బడిలో కూడా ఒకడికి చదువొస్తాది, ఇంకొకడికి పదేళ్లు గడిచిపోతాయి అంతే. ఊరికి ఒక పక్క మన పల్లె ఉన్నట్టు, పెద్దబడి లోపల కూడా ఊరూ పల్లె ఉంటాయి. గేటు బయట నిలబడి చూస్తే అది కనిపించదు.

బయటి నుంచి కనిపించేది బిల్డింగు. 2019 నవంబరు 14న నాడు-నేడు మొదలైనాక చాలా సర్కారు బళ్లకు రంగులొచ్చినాయి, బల్లలొచ్చినాయి, నీళ్ల ట్యాంకులొచ్చినాయి. మంచిదే. కటిక నేల మీద కూర్చుని చదివినోళ్లం మనం, బల్లను తక్కువ చేసి మాట్లాడకూడదు. కానీ బల్ల పాఠం చెప్పదు. రెండోది గేటు మీద ఫ్లెక్సీ. పది ఫోటోలు, పది మార్కులు. పరీక్ష రాసింది 200 మంది అయితే తక్కిన 190 మంది యాడికి పోయినారు? హెడ్మాస్టరు గదిలోకి పోయి మర్యాదగానే అడగండి: అయ్యా, ఆరో తరగతిలో ఎంతమంది చేరినారు, వాళ్లలో పదో తరగతి దాకా వచ్చింది ఎంతమంది, పాసయింది ఎంతమంది? వాళ్లలో ఎస్సీ పిల్లలెంతమంది? నోటితో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. కాగితం మీద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాల. తెల్లకార్డు ఉన్నోళ్లకు రుసుం కూడా లేదు.

పెద్దబడి వద్దని నేను చెప్పడం లేదు. పెద్దబడిలో సబ్జెక్టుకొక ఐవోరు ఉండే అవకాశం ఎక్కువ. ల్యాబు ఉంటాది, ఆడుకోను జాగా ఉంటాది. ఇంకొక లాభం ఉంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. ఊరి బడిలో మన పిల్లోడు ఎవరి కొడుకో, వాళ్ల అబ్బ ఎవరి చేలో పనిచేసినాడో అందరికీ తెలుసు. వెయ్యి మంది ఉన్న బడిలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. పిల్లోడు తలెత్తుకుని నడుస్తాడు. ఆ గాలి పీల్చుకోవడానికే మనం పట్నం పంపుతున్నాం. తప్పేమీ లేదు.

అయితే ఆ గాలి ఎంతసేపు ఉంటాది? స్కాలర్‌షిప్పు ఫారాలు వచ్చే రోజుదాకా! “ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి” అంటారు తరగతిలో. అరవై మందిలో పదిమంది లేస్తారు. ఆ పూట నుంచి పక్కనోడి చూపు మారుతుంది. ఇది చేసే ఐవోర్లందరూ దుర్మార్గులని నేననను. లెక్క తొందరగా అయిపోవాలని చేస్తారు. పిల్లలను ఒక్కొక్కరినే స్టాఫ్ రూముకు పిలిచి రాసుకోవచ్చు కదా? ఆ బడిలో ఎట్లా పిలుస్తారో హెడ్మాస్టరును అడిగితే తెలియదు. అక్కడ చదివే మన పిల్లోళ్లను అడగండి.

బాబాసాహెబ్ కథ మనకందరికీ తెలుసు. సతారాలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు, ప్యూను నీళ్లు పోస్తే తాగినాడు, ప్యూను రాని రోజు దప్పికతోనే ఉన్నాడు. తర్వాత సంగతి మనం తక్కువ చెప్పుకుంటాం. వాళ్ల కుటుంబం బొంబాయికి పోయినాక ఆయన్ను ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చేర్పించినారు. సర్కారు బడి, మహాపట్నం, పేరున్న బడి. అక్కడ ఒకరోజు లెక్క చేయడానికి బోర్డు దగ్గరికి పిలిస్తే, తక్కిన పిల్లలు పరుగెత్తిపోయి బోర్డు వెనక పెట్టుకున్న తమ అన్నం డబ్బాలు తీసేసుకున్నారట, మైల పడతాయని. అదొకటి. సంస్కృతం చదువుతానంటే చెప్పమన్నారు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. 1907లో మెట్రిక్ పాసయినాడు. నేను చెప్పొచ్చేదేమంటే, డబ్బాల అవమానం ఆ రోజు కళ్లకు కనిపించింది. సంస్కృతం తలుపు మూసింది మాత్రం కాగితం మీద, ఏ గొడవా లేకుండా. ఈనాడు మన పిల్లోళ్లకు ఎదురయ్యేది ఎక్కువగా ఆ రెండో రకం. దాని పేరు సెక్షన్.

ఒక సంగతి ఒప్పుకుంటాను. మా ఇంట్లో పలక పట్టిన మొదటోణ్ణి నేను. ఆరు నుంచి పది దాకా డి సెక్షన్లోనే చదివినాను. అట్లాంటోణ్ణి ఐవోరయినాక, నేను పనిచేసిన ఒక పెద్ద బడిలో ఎనిమిదో తరగతికి సెక్షన్లు విడగొట్టే పని నాకిచ్చినారు. ఏడో తరగతి మార్కులు ముందర పెట్టుకొని పైనుంచి కిందికి పేర్లు రాసుకుంటా పోయినాను. మొదటి 45 మంది ఏ, తర్వాత 45 మంది బి, అట్ల. డి సెక్షన్ పేర్లు రాసేటప్పుడు చెయ్యి ఆగింది. ఇంటిపేర్లు చూస్తే, ఊర్లు చూస్తే సగానికి మించి మన బిడ్డలే. హాస్టలు పిల్లోళ్లు, కూలోళ్ల పిల్లోళ్లు. నేను కులం చూసి రాయలేదు, మార్కులు చూసే రాసినాను. మార్కులు చూసి రాస్తే కులం తనంతట తానే వచ్చి కూర్చుంది!

అంతటితో అయిపోలేదు. టైంటేబుల్ వేసేటప్పుడు గట్టి లెక్కల ఐవోరును ఏ, బి సెక్షన్లకు వేసినారు. ఖాళీగా ఉన్న పోస్టు పీరియడ్లన్నీ డి నెత్తిన పడినాయి. ఆ పీరియడ్లో పిల్లోళ్లు ఏం చేస్తారు? బల్లలు మోస్తారు, చెట్లకు నీళ్లు పోస్తారు, మైదానంలో కాగితాలేరుతారు. ఏడాది తిరిగేసరికి “డి సెక్షనోళ్లకు లెక్కలు రావు” అని ముద్ర. ఎవరు చెప్పినారని వస్తాయి?

ఆ ఏడాది నేను నోరు తెరవలేదు. కొత్తగా వచ్చినోణ్ణి, మనకెందుకులే అనుకున్నాను. మరుసటేడు స్టాఫ్ మీటింగులో లేచి, పేర్ల అక్షర క్రమంలో విడగొడదామన్నాను. “రిజల్టు పడిపోతుంది మాస్టారూ” అన్నారు. గంటసేపు వాదన. ఎనిమిదో తరగతికి ఒప్పుకున్నారు, పదో తరగతికి ఒప్పుకోలేదు. రిజల్టు పడిపోలేదు గానీ, పడిపోలేదని చెప్పినా వినేవాళ్లు లేరు.

కాబట్టి బడికి పోయినప్పుడు ముందు అడగాల్సింది ఇది: సెక్షన్లు దేన్నిబట్టి వేస్తారు? ఏ సెక్షన్‌కు లెక్కలు చెప్పే ఐవోరే చివరి సెక్షన్‌కూ చెబుతాడా? మీడియం పేరుతో విడగొట్టే బడి అయితే ఇదే ప్రశ్న రెండుసార్లు అడగండి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒక టీచరుండాల, సైన్సు-లెక్కలకు, సోషలుకు, భాషలకు తగ్గకుండా ఒక్కొక్కరుండాల అని అందులో రాసుంది. 2025లో మెగా డీఎస్సీ అని 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినారు. ఆ బడికి అందులో ఎవరొచ్చినారు, ఇంకా ఏ సబ్జెక్టు ఖాళీ, ఆ ఖాళీ ఎవరి నెత్తిన పడుతోంది?

అన్నం సంగతి, నీళ్ల సంగతి, మరుగుదొడ్ల సంగతి మీరు నాకంటే బాగా కనిపెడతారు, అమ్మలూ. మధ్యాహ్న భోజనం సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఉత్తర్వుతో వచ్చిన హక్కు. వంటవాళ్ల నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని అదే కోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. వంట ఎవరు చేస్తున్నారో చూడండి. పట్నంలో కొన్ని బళ్లకు అన్నం వేరేచోట వండి వ్యాన్లో తెస్తారు, అట్లయితే వడ్డించేది ఎవరో చూడండి. ఎవరు తింటున్నారు, ఎవరు డబ్బా తెచ్చుకొని దూరంగా కూర్చుంటున్నారు?

మరుగుదొడ్లు కడిగేది ఎవరు? ఆయమ్మ ఉందా, లేకపోతే ఆ పని ఏ పిల్లోళ్ల చేత చేయిస్తున్నారు? తల్లికి వందనం కింద 2025లో బిడ్డకు 15,000 అన్నారు, చేతికొచ్చింది 13,000. ఆ 2,000 బడి నిర్వహణకు, మరుగుదొడ్లకు అని చెప్పి పట్టుకున్నారు. అంటే కడగడానికి డబ్బు మన బిడ్డ వాటా నుంచి ముందే పోయింది. మళ్లీ చీపురు కూడా మన బిడ్డ చేతికే ఇస్తారా?

చేర్చుకునేటప్పుడు తిప్పి పంపుతారు, అదొక తంతు. టీసీ లేదు రేపు రా, పుట్టిన తేదీ కాగితం లేదు ఎల్లుండి రా. కూలి పోగొట్టుకొని మూడుసార్లు తిరిగితే ఎవరికైనా విసుగొస్తుంది. వినండి. ఎనిమిదో తరగతి దాకా వయసు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. పాత బడి నుంచి టీసీ రావడం ఆలస్యమయిందని కూడా ఆపకూడదు. చట్టంలో ఉన్నమాట ఇది. ఒక కాగితం మీద రాసుకొని చేతిలో పట్టుకొని పోండి. తొమ్మిది, పది తరగతులకు ఈ రక్షణ లేదు, అందుకే ఆరులోనే చేర్చడం మంచిది.

బడి కమిటీ గురించి ఒక్కమాట. కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాల, సగం మంది ఆడవాళ్లుండాల, మనలాంటోళ్లకు జనాభా కొద్దీ చోటుండాల. పట్నం బడిలో మనోళ్లు కమిటీకి ఎందుకు పోరంటే, దూరం, కూలి, భయం. తీర్మానం పుస్తకం ఇంటికి తెచ్చి వేలిముద్ర వేయించుకొని పోయేది నేను చూసినాను. ఆ పుస్తకంలో ఏముందో చదివి వినిపించమనండి.

చంద్రగిరిలోనే జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది కదా, పన్నెండు పదమూడు కిలోమీటర్లు పోవడం ఎందుకని మన సంఘంలో కొందరంటున్నారు. నేను కూడా సగం అదే అంటాను. పదకొండేళ్ల బిడ్డ పొద్దున్నే సంగటి కూడా తినకుండా బస్సెక్కి, చీకటి పడి ఇల్లు చేరితే వాడికి చదవను ఓపిక యాడుంటాది? ఈ ప్రశ్నలే ఇక్కడి బడిలో కూడా అడగండి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పు చేసి ప్రైవేటు బడిలో వేసే ఆలోచన ఉన్నోళ్లు ఈ పని అయినాక ఆలోచించండి.

బళ్లు జరుగుతుండగానే పోవాల. ఎండాకాలం సెలవుల్లో పోతే గోడలు తప్ప ఏమీ కనిపించవు. ఇప్పుడు ఒంటిపూట బళ్లు. పొద్దున పోయి, అన్నం పెట్టేదాకా ఉండి చూసి రావచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు చార్జీ లేదు గనక తల్లులు ఎంతమందైనా రావచ్చు, మగవాళ్లు ఇద్దరొస్తే చాలు. గురువారం పొద్దున ఏడు గంటలకు నేను బస్టాండు కాడ ఉంటాను, సెలవు పెట్టినాను. మొదట లక్ష్యం చివరి సెక్షన్ గది. అమ్మలూ, ఆధార్ కార్డు మరిచిపోవద్దు, గుర్తింపు కార్డు ఏదో ఒకటి చూపిస్తేనే కండక్టరు ఉచిత టికెట్ ఇస్తాడు.