ల్యాప్‌టాప్: వెల, విలువ

కళాశాలలో చేరు బిడ్డకు ల్యాప్‌టాప్ కొనునపుడు, రెట్టింపు వెల పెట్టుట యుక్తమా యని ప్రతి ఉద్యోగియు తర్కించుకొనును. ఆ యధికపు వెల వేగమునకే కాదు; గట్టి లోహపు కవచమునకు, తేటయైన తెరకు, మన్నికగల బ్యాటరీకిని చెల్లును. 2020 నవంబరులో వెలువడిన ఆపిల్ ఎమ్1 మాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు. చప్పుడు చేయక పనిచేయును. అయితే దాని ర్యామ్ చిప్పుతోనే కూడియుండుటచే పిదప పెంచుట సాధ్యము కాదు. 8 జీబీ చాలలేదని తరువాత చింతించిన ఫలము లేదు. 2024 అక్టోబరులో ఆ సంస్థయే తన ఎయిర్ యంత్రముల కనీసమును 16 జీబీకి పెంచినది.

ఉత్తరములకు, లెక్కలకు సామాన్య యంత్రమే చాలును. నిత్యము వెంట గొనిపోవుచు అయిదారేండ్లు వాడువారికి హెచ్చు వెల సార్థకము. వెలను వాడబోవు ఏండ్లచే భాగించి చూచుకొనుడు. అప్పుచేసి గొప్పకు కొన్నచో ఏ యంత్రమును చౌక కాదు.