గాలిలోని నీరు: దాని జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఆకసమునుండి కురియు నీరు, భూమిలో నూరు నీరు అందరెరిగినవే. వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయమున చెట్లను బట్టియు, పుట్టలను బట్టియు భూమిలోని నీటిజాడ కనుగొను విధమును వివరించెను. ఈ రెంటి నడుమ కంటికి కానరాని మూడవ నీరొకటి కలదు. అది గాలియందు ఆవిరిరూపమున నున్నది. మూలబడిన రిఫ్రిజిరేటరు భాగములతో దానిని పట్టి త్రాగవచ్చునని కొందరు చెప్పుచున్నారు. మాట నిజమే. కాని ఎంత నీరు, ఎంత వ్యయమునకు అని విచారింపక సంతోషించుట, పంట కళ్లమునకు రాకమునుపే గాదెలో జమకట్టుట వంటిది.

చల్లని నీరు నింపిన కంచుచెంబు కొంతసేపటికి వెలుపల చెమర్చును. ఆ తడి చెంబులోని నీరు కారినది కాదు. చుట్టునున్న గాలిలోని ఆవిరి చల్లదనము సోకి నీరైనది. వేడిగాలి యెక్కువ ఆవిరిని మోయగలదు. చల్లబడిన కొలది ఆ శక్తి తగ్గి, మిగిలినది బిందువులుగా రాలును. సముద్రతీరమున 30 డిగ్రీల వేడిమి, 75 శాతము తేమ యున్న సాయంకాలమున ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 23 గ్రాముల నీరుండును. దానిని 10 డిగ్రీలకు చల్లార్చినచో సుమారు 14 గ్రాములు చేతికి వచ్చును. అనగా అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తుగల గదిలోని గాలినంతయు పిండినను, లభించునది సుమారొక లీటరు.

రిఫ్రిజిరేటరునందు ఈ పనికి వలసిన అంగములన్నియు కలవు. కంప్రెసరు వాయువును అదిమి వేడెక్కించును. వెనుకనుండు గొట్టముల చట్రములో ఆ వేడిమి వెలికిపోయి వాయువు ద్రవమగును. ఆ ద్రవము సన్నని రాగిగొట్టము ద్వారా లోపలి చుట్టలోనికి చేరి, అచట మరల ఆవిరియగుచు చల్లదనము నిచ్చును. ఆ చల్లని చుట్టపై చిన్న పంకాతో గాలి వీచునట్లు చేసి, క్రింద శుభ్రమైన పాత్ర నుంచిన చాలును. చుట్ట మిక్కిలి చల్లనైనచో మంచు పేరుకొని గాలి దారిని మూసివేయును. కావున పంకా వేగమును సరిచూచుకొనవలెను.

గాలిలోని తేమను చల్లని చుట్టతో తీయు ఈ విద్యకును అచ్చు పనికిని సంబంధము కలదు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌నందు ఒక ముద్రణాలయములో గాలి తేమకు కాగితము సాగుచు కుంచించుకొనుచు నుండగా, రంగులు ఒకదానిపై నొకటి సరిగా పడకుండెను. దానిని చక్కదిద్దుటకై విల్లిస్ క్యారియర్ అను యువ ఇంజనీరు రచించిన పథకమే నేటి ఎయిర్ కండిషనరునకు మూలము. నాడు తేమ శత్రువు. నేడు అదే తేమను కొందరు నిధిగా వెదకుచున్నారు.

ఇక జమాఖర్చు చూతురు గాక. ఆవిరి నీరగునపుడు తనలోని వేడిమిని విడుచును. లీటరు నీటికి ఆ వేడిమి సుమారు 2,450 కిలోజౌళ్లు. దానితోపాటు గాలిని చల్లబరచుటకును శక్తి ఖర్చగును. ఈ వేడిమినంతయు యంత్రము మోసి వెలుపల పారవేయవలెను. 100 వాట్ల ఇంటి కంప్రెసరు తేమగల తీరమున రాత్రింబవళ్లు నడచినను రెండు మూడు లీటర్లకు మించి ఇయ్యజాలదు. అందుకు వ్యయమగు విద్యుత్తు సుమారు రెండున్నర యూనిట్లు. ఒక యంత్రము, ఒక మనిషి దాహము: ఇదియే నికరము. 42 డిగ్రీల ఎండలో 20 శాతము తేమయున్న మెట్టప్రాంతమున ఘనపు మీటరునకు మూడు గ్రాములు దొరకుటయే గొప్ప. నీరు మిక్కిలి కావలసిన వేసవి పగటియందే ఆ యంత్రము చేతులెత్తివేయును.

అయినను ఈ విచారము వ్యర్థము కాదు. 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో ఫ్లోరోసిస్ కలదని వైద్యులు ప్రకటించిరి. తరువాత నల్లగొండ ప్రాంతపు బాధ లోకమెల్ల నెరిగినదే. ఫ్లోరైడు కలిసిన నీటిని కాచినను దోషము పోదు. నీరు తగ్గి ఫ్లోరైడు చిక్కబడును. గాలినుండి రాలిన నీటిలో నైతే ఆ దోషముండదు. పండ్లపై మచ్చలు పడుచున్న బిడ్డగల తల్లికి రోజుకు రెండు లీటర్ల అట్టి నీరు లభించుట స్వల్పవిషయమా? కాని ఆ తల్లికి చెప్పవలసిన లెక్క మరియొకటి కలదు. 50 చదరపు మీటర్ల డాబాపై ఒక్క సెంటీమీటరు వాన కురిసిన 500 లీటర్లు. ఆ నీటియందును ఫ్లోరైడు బాధ లేదు. రోజుకు రెండున్నర లీటర్ల చొప్పున అంత నీటిని కూర్చుటకు పాత కంప్రెసరు 200 దినములు నడువవలెను. డాబాను కడిగి, తొలివానను వదలి, తరువాతి నీటిని వడగట్టి మూతగల తొట్టిలో దాచుకొన్న ఇంటికి ఈ యంత్రముతో పనియే లేదు.

ప్రయోగము చేయగోరు యువకులు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. గొట్టములను కోయరాదు. పాత పెట్టెలలోని కొన్ని వాయువులు ఓజోను పొరకు హాని చేయునవి; వాటిని అరికట్టుటకే 1987లో మాంట్రియల్ ఒడంబడిక జరిగెను. క్రొత్త పెట్టెలు పెక్కింటియందు మండు స్వభావముగల ఐసోబ్యూటేను కలదు. పని తెలిసిన మెకానిక్కు లేక ఆ జోలికి పోరాదు. చుట్టపై దుమ్ము, క్రిములు చేరును. అతుకులలోని సీసము వంటి లోహములు నీటిలో కలియవచ్చును. లోహము కాచినను పోదు కావున, పాత చుట్టపై రాలిన నీటిని పరీక్ష చేయింపక త్రాగరాదు.

ఇదే నీరు ఎయిర్ కండిషనరు గల ప్రతి కార్యాలయము వెలుపలను గొట్టమునుండి కారి వీథిపాలగుచున్నది. గాలి తేమగానున్నపుడు పెద్ద యంత్రమొకటి గంటకు లీటరు పైచిలుకు విడుచును. విద్యుత్తు ఖర్చు ముందే వ్రాయబడినది. నీటి జమ మాత్రము ఎవరును వ్రాయుట లేదు. గొట్టము క్రింద బిందె నుంచినచో పూలకుండీలకు, నేల తుడుచుటకు కొరత యుండదు.

గాలి అబద్ధమాడదు, అడిగినవారికి తనలోనున్నంత ఇచ్చును, తగిన వెల పుచ్చుకొనును. ఆ వెల యెరిగినవాడు ముందు డాబా మీది వాననీటికి తొట్టి కట్టును, పిదప చెరువు పూడిక తీయును, అటుపిమ్మట తీరిక యున్నచో పాత పెట్టెను విప్పును. ఈ వరుస తప్పకున్నచో ఆ పెట్టెయు ఊరికి ఒక పాఠము చెప్పును.