కోపమొచ్చినప్పుడే కాదు, పక్షానికోసారి

(కలకడలో జరిగిన పాఠకుల, కార్యకర్తల సమావేశంలో చేసిన ఉపన్యాస పాఠం)



మన పత్రికలో సినిమా పేజీ మాటిమాటికీ ఎందుకు ఆగిపోతా ఉందని మీరు అడిగినారు. న్యాయమైన ప్రశ్న. ఆ పేజీ చూసేది మేము నలుగురు అయ్యవార్లం. ఏదో ఒక సినిమాలో మన వాడను ఎగతాళి చేసినారని తెలిస్తే చాలు, రెండు పేజీలు రాసేసినాం. తర్వాత మూడు సంచికలు ఖాళీ. పదో తరగతి పరీక్షలొస్తే ఖాళీ, ఎలక్షను డ్యూటీ పడితే ఖాళీ. సినిమా మాత్రం ఒక్క శుక్రవారం కూడా సెలవు పెట్టదు. పీలేరుకో మదనపల్లెకో పోయి చూసొచ్చే కాలం పోయి, సెల్‌ఫోనులోనే ఇంట్లోకి వచ్చి కూర్చుంది. మా పిల్లోళ్లు హీరో ఫ్లెక్సీ ఏ రోజు కట్టాలో నెల ముందే లెక్క వేసుకుంటారు. మేము ఏ రోజు రాయాలో లెక్క వేసుకోలేదు. తప్పు మాదే.

ఈ కష్టం కొత్తదీ కాదు. బాబాసాహెబ్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలుపెట్టినారు. అదీ పక్షపత్రికే. 1923లో ఆగిపోయింది. 1927 ఏప్రిల్ 3న 'బహిష్కృత్ భారత్' తెచ్చినప్పుడు చాలా మటుకు ఆయనే రాసుకోవలసి వచ్చింది. అంతటి మనిషికే చేతులు చాలకపోతే మేమెంత? అందుకే ఇది నలుగురు అయ్యవార్ల పనిగా ఉండకూడదని మీ ముందుకు వచ్చినాం.

ఏడాదికి 24 సంచికలు. మేము మొదట ఐదు శీర్షికలు అనుకున్నాం. కాగితం మీద బాగుండింది. ఎవరు రాస్తారంటే ఒక్క చెయ్యీ లేవలేదు. ఇప్పుడు రెండే. ఒకటో తేదీ సంచికలో 'పాత సినిమా', పదహారో తేదీ సంచికలో 'వాడ మాట'. పాత సినిమాకు తొందర లేదు, ఎప్పుడైనా రాసిపెట్టుకోవచ్చు. కాబట్టి ఆ శీర్షికకు నాలుగు వ్యాసాలు ఎప్పుడూ చేతిలో ఉండాలి. పరీక్షల నెలలో అవే మనల్ని కాపాడతాయి.

మొదటిది 'మాలపిల్ల'. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసినారు, కథ చలానిది, కంపెనీ వెనకాల చల్లపల్లి జమీందారు. మన పేరు మీద తెలుగులో అంత పెద్ద సినిమా వచ్చిందని సంతోషపడదాం. జమీందారు సొమ్ముతో తీసిన సినిమాలో గుడి తలుపు సంగతి ఎంత ఉంది, భూమి సంగతి ఎంత ఉంది అని కూడా అడుగుదాం. మార్చి 1 సంచికకు పి.కె. రోజీ. మలయాళంలో తొలి సినిమా 'విగత కుమారన్'లో నాయిక ఆమె, 1930 ప్రాంతాల్లో. దళిత ఆడమనిషి నాయరు స్త్రీ వేషం వేసిందని వెంటపడి తరిమినారు. ఊరే విడిచిపోయింది.

ఆగస్టు 1కి 'పెదరాయుడు'. ఇది కొంతమందికి కష్టంగా ఉంటుంది, ఎందుకంటే 1995లో మనమే ఈలలు వేసి చూసినాం. పెద్దాయన కూర్చుంటాడు, తీర్పు చెబుతాడు, ఊరంతా తలవంచుతుంది. ఆ తేదీకే ఎందుకంటే, 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను ఎనిమిది మందిని చంపినారు. ప్రత్యేక కోర్టు శిక్ష వెయ్యడానికి 2007 దాకా పట్టింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఊరి పెద్ద తీర్పు ఎంత గొప్పదో పాట కట్టి చూపించే సినిమా పక్కన ఈ తేదీలు అచ్చుపడాలి. పడితే చాలు, పెద్ద విమర్శ రాయనక్కర్లేదు.

ఇక 'వాడ మాట'. దీన్ని ఒకసారి చేసి చూసినాం. 2021లో వచ్చిన 'పుష్ప' గురించి దళితవాడలో రాత్రి కూర్చున్నాం. పిల్లోళ్లు మన చిత్తూరు మాట తెర మీద ఇన్నాళ్లకు వినబడిందని మురిసిపోయినారు. మేమూ మురిసిపోయినాం, దాచుకోవడమెందుకు. అప్పుడు టమోటా కోతకు పోయే ఒకామె అనింది, "ఆయప్ప కూలోడిగా పోయి యజమాని అయినాడు, సరే. చెట్టు కొట్టే మిగతా కూలోళ్లు చస్తే వాళ్లిండ్లకు ఎవురు పోయి చెప్పినారు?" అని. ఎవరూ మాట్లాడలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చచ్చిపోయినారు. తిరువణ్ణామలై, ధర్మపురి వైపు కొండల్లోంచి కూలికి వచ్చినవాళ్లు. ఎదురుదాడి చేసినారని పోలీసులన్నారు. పట్టుకుని కాల్చినారని హక్కుల సంఘాలన్నాయి. ఆమె ప్రశ్న మాకు ఎన్ని సినిమా పుస్తకాలు చదివినా తట్టేది కాదు. దాన్ని ఏప్రిల్ 1 సంచికకు పెట్టినాం. ఆ నెల మాత్రం వరస తారుమారు అవుతుంది.

అందుకే వాడలో కూర్చునే రోజు ఆడవాళ్లను అడిగే పెట్టండి. టమోటా కోతలు ముమ్మరంగా ఉండే రోజుల్లో తెల్లారకముందే లేచి పోతారు, రాత్రి పదింటిదాకా మీటింగు అంటే మగపిల్లోళ్లే మిగులుతారు. వర్షం పడి పని లేని పూట మేలు. చదువుకున్న పిల్ల ఒకతె రాసుకోవాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి. 'ఉండారు' అంటే 'ఉన్నారు' అని దిద్దొద్దు. ఎర్రసిరా మా జబ్బు, మీకు అంటనీయొద్దు. మాట్లాడినవాళ్లు వద్దంటే పేరు వెయ్యం. తెల్లారితే ఊరోళ్ల చేలోకే పనికి పోవాల. ఇంకొకటి, చూడని సినిమా గురించి ఎవరూ రాయొద్దు. మేము ఒకసారి ఆ పని చేసి, ఒక తమ్ముడి చేతిలో బాగా మాట పడినాం.

పదహారో తేదీ సంచికకు కాగితం ఐదో తేదీకల్లా చేరాలి. ప్రెస్సుకు ఎనిమిదికి పోతుంది. రాకపోతే ఆ పేజీ తెల్లగానే వదిలేస్తాం, పైన ఏ ఊరి వంతో రాసి. మొదటి వంతు కలకడది. రెండోది ఎవరు తీసుకుంటారో ఇప్పుడే, ఇక్కడే చెప్పండి. గుర్రంకొండ అన్నలు వెనకాల కూర్చున్నారు, చూస్తానే ఉన్నాం.