సిపాయి రొమ్ము మీది పతకాలు

ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి 1947 దాకా బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన భారతీయ సిపాయికి పతకాలే సర్వీసు రిజిస్టరు. ఏ యుద్ధానికి పోయాడో, దొరతనం అతణ్ణి ఏ మెట్టు మీద నిలబెట్టిందో అవే చెబుతాయి.

1799 మే 4న మైసూరు ఏలిక టిప్పు సుల్తాను రాజధాని శ్రీరంగపట్నం కోట కంపెనీ సేనలకు పట్టుబడింది. ఆ విజయానికి గుర్తుగా కంపెనీ బర్మింగ్‌హామ్ టంకశాలలో పతకం అచ్చు వేయించింది. ఒకవైపు పులిని కిందపడేసిన సింహం, రెండో వైపు కోట ముట్టడి. పులి టిప్పు సుల్తానుకు గుర్తు, సింహం బ్రిటన్‌కు గుర్తు. బొమ్మ అందరికీ ఒకటే అయినా లోహం హోదాను బట్టి మారింది. సేనానులకు బంగారం, తరువాతి మెట్లవారికి బంగారు పూత పూసిన వెండి, వెండి, కంచు, మామూలు సిపాయికి తగరం.

ఆ యుద్ధంలో పోరాడిన మద్రాసు సైన్యంలో ఉత్తర సర్కారుల తెలుగువాళ్లు చాలామంది ఉండేవారు. ఈ సైన్యపు సిపాయి పెళ్లాం బిడ్డలతోనే పటాలం లైన్లలో కాపురం ఉండేవాడు. విజయనగరం, సికింద్రాబాదు, బళ్లారి కంటోన్మెంట్ల మధ్య పటాలం బదిలీ అయితే సంసారమూ వెంట కదిలేది. నాయక్, హవల్దారు, జమాదారు, సుబేదారు మెట్లెక్కడానికి ఏళ్లూ పూళ్లూ పట్టేది. సుబేదార్ మేజర్‌ను మించిన హోదా లేదు. అంత తలపండిన సైనికుడూ సీమ నుంచి కొత్తగా దిగిన కుర్ర దొరకు లోబడి నడవాల్సిందే.

పతకం చేతికి రావడమూ సులువు కాదు. 1803 నాటి అస్సాయె వంటి పాత యుద్ధాల పతకం 1851లో మంజూరైంది, అదీ బతికున్నవాళ్లకే. పోరాడిన సిపాయిల్లో ఎందరో అప్పటికే కాలం చేశారు.

1854లో వచ్చిన ఇండియా జనరల్ సర్వీస్ మెడల్ వెండిది. దాని ఎర్ర రిబ్బన్ మీద రెండు ముదురు నీలి చారలు. కొత్త దండయాత్రకు పోయినవాడికి మళ్లీ పతకం ఇవ్వకుండా, ఆ యుద్ధం పేరు చెక్కిన సన్నని వెండి పట్టీని రిబ్బన్‌కు చేర్చేవారు. 1885లో మొదలైన బర్మా యుద్ధం నుంచి మోతగాళ్లకూ, పాకీ పనివాళ్లకూ అదే పతకాన్ని కంచుతో చేసి ఇచ్చారు.

సాహసానికి ఇచ్చే గౌరవాలు వేరు. 1837లో కంపెనీ మూడు తరగతులతో ఆర్డర్ ఆఫ్ మెరిట్‌ను స్థాపించింది. మళ్లీ మళ్లీ తెగువ చూపితేనే పై తరగతి దక్కేది. దానితో పాటు జీతమూ పెరిగేది. విక్టోరియా క్రాస్ 1856లో పుట్టినా, 1911 ఢిల్లీ దర్బారులో ప్రకటించేదాకా భారతీయ సిపాయికి దానిమీద హక్కు లేదు. 1914 అక్టోబరు 31న బెల్జియంలోని హోలెబెకె దగ్గర పోరాడిన ఖుదాదాద్ ఖాన్ ఆ గౌరవం పొందిన మొదటి భారతీయ సిపాయి.

ఈలోగా తెలుగువాళ్ల వంతు తగ్గిపోయింది. 1885లో భారత సర్వసేనాని అయిన రాబర్ట్స్ దొర ఉత్తరాది జాతులే యుద్ధానికి పనికొస్తారని నమ్మాడు. ఆ నమ్మకంతో మద్రాసు పటాలాలను కుదించారు. శతాబ్దానికి పైగా ఎన్నో యుద్ధాల భారం మోసినవారికి ఇది తీరని అన్యాయం. అయినా ప్రపంచ యుద్ధాలు రాగానే సర్కారుకు మళ్లీ వాళ్లే కావలసివచ్చారు. పశ్చిమ గోదావరిలోని మాధవరం నుంచి రెండు యుద్ధాలకూ మనుషులు వెళ్లారు. ఆ ఊరికి మిలటరీ మాధవరమనే పేరు నిలిచింది.

మొదటి యుద్ధంలో పోరాడి వచ్చినవారికి వెండి వార్ మెడల్, కంచు విక్టరీ మెడల్ ఇచ్చారు. వీటి అంచు మీద సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చయి ఉంటాయి. పాత సైనిక కుటుంబాల ఇళ్లలో ఇలాంటి బిళ్ల ఉంటే మెరుగు కోసం దాన్ని రుద్దకూడదు. అక్షరాలు అరిగితే అది ఎవరిదో తేల్చే ఆధారం పోతుంది.