చీకట్లో పెట్టిన చెవి
చీమకుర్తి సభలో చేసిన స్మారకోపన్యాసం

కంప్రెసర్లు, డైమండ్ వైరు రంపాలు, రాతి బ్లాకులు మోసే లారీలు. చీమకుర్తి చెవికి ఇవేవీ కొత్త కాదు. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ ఈ ఊరి పేరును విదేశాల దాకా మోసింది. అలాంటి ఊళ్ళో శబ్దాల మీద ఉపన్యాసమంటే సభలో కొందరు ముసిముసిగా నవ్వుకోవచ్చు. నవ్వుకున్నా ఫర్వాలేదు. ఈ సాయంత్రం చెప్పుకోబోయే విద్యలో మనిషి పక్కకు తప్పుకుంటాడు. చిన్న రికార్డరును చెట్టుకు కట్టి వచ్చేస్తాడు, రాత్రంతా అడవి చెప్పేది అది వింటుంది. శాస్త్రవేత్తలు దీన్ని పాసివ్ అకూస్టిక్ మానిటరింగ్ అంటారు. యంత్రం తనంతట తాను ఏ శబ్దమూ చేయదు గనుక ఆ పేరు.

తెలుగునేల మీద ఈ పద్ధతి ఎంత అవసరమో కలివికోడి కథ చెబుతుంది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షికి, ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్ పేరు మీదుగా జెర్డాన్స్ కోర్సర్ అని ఇంగ్లీషు పేరు వచ్చింది. 1900లో అనంతపురం దగ్గర హోవార్డ్ క్యాంప్‌బెల్ చూశాక మళ్ళీ జాడ లేదు. ఎందరు వెతికినా దొరకలేదు, అంతరించిందనే అనుకున్నారు. చివరికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో వాకబు చేశారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట లైటు వెలుగులో బతికున్న పక్షిని పట్టుకున్నాడు. అది ఎక్కువ కాలం బతకలేదు. శాస్త్రం ఎనభై ఆరేళ్ళు కనిపెట్టలేనిది చీకట్లో తిరగడం తెలిసిన మనిషికి చిక్కింది. ఈ సంగతిని పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. అది అన్యాయం.

పక్షి దొరికింది, అది తిరిగే లంకమల కొండల పొదలకు అభయారణ్యం హోదా వచ్చింది, 1988లో తపాలా బిళ్ళ కూడా వచ్చింది. అసలు చిక్కు మాత్రం తీరలేదు. అది రాత్రి తిరిగే పక్షి, పైగా ముళ్ళపొదల మధ్య నేల మీద నడిచే పక్షి. లైటు పట్టుకుని ఎంత తిరిగితే ఎన్ని కనిపిస్తాయి? ఆ తరవాత వచ్చిన పరిశోధకుడు పి. జెగనాథన్ బృందం వేరే దారి పట్టింది. నేల మీద మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుల గుర్తులు చూశారు, కెమెరాలు పెట్టారు, చివరికి ఆ పక్షి పిలుపును రికార్డు చేశారు. రెండు స్వరాలు కలిసిన ఆ చిన్న పిలుపు ఎక్కువగా సంధ్య దాటిన తొలి చీకట్లో, కొద్ది నిమిషాల పాటే వినిపించింది. మొదటి రికార్డింగుల గురించిన వ్యాసం 2004లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది. ఆ తరవాత ఏళ్ళ తరబడి మళ్ళీ నిశ్శబ్దం. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందం ఒకటి కలివికోడి పిలుపును మళ్ళీ రికార్డు చేసింది. ఆ రాత్రి తోడొచ్చింది కన్ను కాదు.

ఈ పద్ధతిలో మెలికలూ ఉన్నాయి. ఆడియోమాత్ అనే చవక రికార్డరు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, మూడు చిన్న బ్యాటరీలతో పనిచేస్తుంది. సెకనుకు 48,000 నమూనాల చొప్పున ఆగకుండా రికార్డు చేస్తే రోజుకు సుమారు 8 గిగాబైట్ల ధ్వని పోగవుతుంది. పది రికార్డర్లు నెల రోజులు పెడితే పోగయ్యేదంతా రోజుకు ఎనిమిది గంటలు కూర్చుని విన్నా ముగించడానికి మనిషికి రెండేళ్ళ పైనే పడుతుంది. అందుకే శబ్దాన్ని స్పెక్ట్రోగ్రామ్ అనే బొమ్మగా మార్చి కంప్యూటరు చేత వెతికిస్తారు. కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి ప్రయోగశాల తయారుచేసిన బర్డ్‌నెట్ వేల జాతులను గుర్తుపడుతుంది. అయితే దానికి నేర్పడానికి చాలినన్ని రికార్డింగులు లేని పక్షి దగ్గర అది తడబడుతుంది, తడబడినప్పుడు కూడా ధీమాగానే పేరు చెబుతుంది. ఇంకో మాట: మూడు నెలలు పిలుపు వినిపించలేదంటే పక్షి లేదని తేల్చకూడదు. మైకు దూరంగా ఉందేమో, గాలి ఎక్కువేమో, పక్షికి అది పిలిచే కాలం కాదేమో. పొలం గట్ల మీద పెట్టిన మైకులో మనుషుల మాటలు కూడా పడతాయి. ఆ సంగతి ఊరివాళ్ళకు ముందుగా చెప్పకపోతే మర్యాద కాదు.

సముద్రంలో ఈ విద్య ఇంకా బాగా రాణిస్తుంది. గాలిలో సెకనుకు 340 మీటర్లు వెళ్ళే శబ్దం నీటిలో దాదాపు 1,500 మీటర్లు పరుగెడుతుంది. లక్షద్వీప్‌లోని కవరత్తి దగ్గర 2018 చివరి నుంచి 2020 జనవరి వరకు నీటి అడుగున ఉంచిన రికార్డర్లలో నీలి తిమింగలాల పాట దొరికిందని దివ్య పణిక్కర్, కాథ్లీన్ స్టాఫర్డ్ 2021లో ప్రకటించారు. కాకినాడ వైపు ధర పలికే కచ్చిడి చేప కూడా ఈ లెక్కలోదే. ఆ చేప గాలితిత్తికే లక్షల విలువ. ఆ కుటుంబపు చేపలు ఆ తిత్తి పక్కనున్న కండరాలను అదిరించే శబ్దం చేస్తాయి. ఆస్ట్రేలియాలో కచ్చిడి జాతి గుంపుగా చేసే అలికిడిని నీటి మైకులతో విన్నారు. ఆంధ్ర తీరంలోనూ అలా వింటే ఆ చేప ఎక్కడ, ఏ వేళల్లో గుంపు కడుతుందో తెలుసుకునే దారి దొరుకుతుంది.

ఇక క్వారీల చప్పుడు సంగతి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టలు రొద ఎక్కువున్న వీధుల్లో పై స్థాయి స్వరంలో పాడుతున్నాయని 2003లో తేలింది. ఇంజిన్ల రొద కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది గనుక కింది స్వరం అందులో మునిగిపోతుంది. చీమకుర్తి చుట్టుపక్కల పిట్టలు కూడా అలా మారాయా? ఎవరైనా కొలిస్తేనే తెలుస్తుంది, కొలవడానికి పెద్ద ఖర్చు కాదు. రామతీర్థం జలాశయం గట్టు మీద ఒక రికార్డరు, నీళ్ళు నిండిన పాత క్వారీ గుంత దగ్గర ఒకటి, పనిచేస్తున్న క్వారీకి కిలోమీటరు దూరంలో మరొకటి. తెల్లవారుజామున ఒక గంట, పొద్దుగూకాక ఒక గంట చాలు. కాలేజీ విద్యార్థులు చేయగల పనే. అభయారణ్యాల లోపల మాత్రం అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. సంక్రాంతి సెలవులకు మిషన్లు ఆగిన రోజుల రికార్డింగులను మామూలు పనిదినాల రికార్డింగుల పక్కన పెట్టి చూస్తే, ఈ ఊరి పిట్టలు ఏ స్వరంలో పాడుతున్నాయో మొదటి లెక్క అందుతుంది.