పిల్లలు పుట్టని చేప



సాఫ్ట్‌వేర్ వాడికి చేపల గోలేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఉండేది సాల్ట్ లేక్ సిటీలో. ఏడాదికోసారి ఐడహోలోని హెన్రీస్ లేక్‌కి గాలం పట్టుకుని వెళ్తాను. ఎల్లోస్టోన్ పార్కుకి పడమట, కొండల మధ్య అంత లోతులేని సరస్సు అది.

ఒకసారి బరువైన ట్రౌట్ పడింది. పక్క పడవలోని పెద్దాయన రెక్క కొసల తెలుపు చూసి, "హైబ్రిడ్. దీనికి పిల్లలు పుట్టవు" అన్నాడు. "అయితే ఇదెలా వచ్చింది నాన్నా?" అన్నాడు మావాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. అక్కడి సొంత చేప ఎల్లోస్టోన్ కట్‌త్రోట్. రెయిన్‌బో బయటినుంచి తెచ్చినది. రెండింటి సంకరం త్వరగా పెరుగుతుంది, గాలానికి గట్టిగా పెనుగులాడుతుంది. కంచరగాడిదలాగా దానికీ సహజంగానే సంతానం ఉండదనుకున్నాను. పొరపాటు. బ్రౌన్, బ్రూక్ ట్రౌట్‌లకు పుట్టే టైగర్ ట్రౌట్ అలాంటిది: తల్లికి 80 క్రోమోజోములు, తండ్రికి 84, పొంతన కుదరదు. కట్‌త్రోట్, రెయిన్‌బోలు దగ్గరి చుట్టాలు. వాటి సంకరానికి పిల్లలు పుడతాయి, ఆ పిల్లలు మళ్ళీ కట్‌త్రోట్‌లతో కలుస్తాయి. కొన్ని తరాలకు అసలు జాతే కరిగిపోతుంది. పశ్చిమ రాష్ట్రాల్లో ఎన్నో నదుల్లో జరిగిందిదే.

అందుకే హేచరీలో, ఫలదీకరణ జరిగిన కాసేపటికే గుడ్లకు వేడితోనో, ఒత్తిడితోనో షాక్ ఇస్తారు. బయటికి పోవలసిన ఒక సెట్టు క్రోమోజోములు లోపలే ఉండిపోతాయి. రెండు సెట్లకు బదులు మూడు. చేప పెరుగుతుంది, వంశం మాత్రం నిలపలేదు. నూటికి నూరూ కుదరదు కనుక కొన్నిటి రక్తం తీసి పరీక్షిస్తారు.

సరస్సును చూసుకునేవాళ్ళకు ఇది సుళువు: ఎక్కువనిపిస్తే మరుసటేడు తక్కువ వదిలితే సరి. కానీ మానకుండా వదులుతూనే ఉండాలి. ఇలాంటి పనులకు డబ్బు మన లైసెన్సు రుసుములనుంచీ, 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం కింద గాలం సామాన్ల మీద వసూలయ్యే పన్నునుంచీ వస్తుంది. నా మటుకు నాకు ఆ ఖర్చు సబబే. అసలు కట్‌త్రోట్‌తోనే సరిపెట్టుకోలేమా అన్న సందేహం మాత్రం ఇంకా పోలేదు.

ఆ హైబ్రిడ్ ఆ రాత్రికి చింతపండు పులుసైంది. కట్‌త్రోట్ పడితే, నీళ్ళలోనే ఉంచి గాలం ఊడదీసి వదిలేస్తాం. ఆ పని మావాడిది.